పాత గోల్ఫ్ కోర్సును బాగుచేస్తామంటూ పెరిగిన చెట్లు కొట్టేయడం న్యాయమేనా?

న్యాయమే. నన్నడిగితే ఎప్పుడో కొట్టేయాల్సింది.

నేను ఏళ్ల తరబడి ఆడుతున్న పాత కోర్సులో ఏడో హోల్ పార్-4, అంటే మంచి ఆటగాడు నాలుగు దెబ్బల్లో ముగించాల్సినది. ఎడమవైపు బంకర్‌ను (ఇసుక గుంటను) ఆనుకుని కొట్టే ధైర్యముంటే గ్రీన్‌కి, అంటే బంతి పడాల్సిన గుంత ఉండే నున్నటి పచ్చికకి, దారి తిన్నగా తెరుచుకుంటుంది. భయపడి కుడికి కొడితే రెండో షాట్ ఇంకో బంకర్ మీదుగా ఆడాలి. దాన్ని గీసినాయన పెట్టిన పరీక్ష అదే. తర్వాత ఏదో కమిటీ ఆ ఎడమ పక్కనే పైన్ మొక్కలు వరసగా నాటింది. అవి ఏపుగా పెరిగాక ఎడమ దారి మూసుకుపోయింది, అందరం కుడికే కొట్టడం మొదలుపెట్టాం. ఓసారి నా బంతి ఆ బంకర్‌లో పడింది. ఇసుక నిండా పైన్ సూదులు. వెడ్జ్ అనే క్లబ్ (ఇసుకలోంచి బంతి లేపే కర్ర) ఊపితే ఇసుక కింద వేరుకి తగిలి మణికట్టు జివ్వుమంది, వారం పాటు క్లబ్ పట్టుకోలేకపోయాను. గ్రీన్ సంగతి సరేసరి. పొద్దుటి ఎండ తగలదు, గాలి ఆడదు. పది గంటలకీ తడే, అంచుల్లో నాచు.

చెట్లుంటేనే కోర్సు కష్టంగా ఉంటుందనే వాళ్లతో నాకు పెద్ద పేచీ. అమెరికాలో హెన్రీ ఫౌన్స్ గీసిన ఓక్‌మాంట్ కోర్సునే చూడండి. మొదట్లో అది దాదాపు చెట్లు లేని మైదానం. 1960ల నుంచి వేలల్లో నాటారు. 1990ల్లో సభ్యులు గొడవ చేస్తారని తెల్లారకముందే, చీకట్లో కొట్టడం మొదలుపెట్టారు. వేల చెట్లు పోయాక అక్కడ జరిగిన 2007 యూఎస్ ఓపెన్ గోల్ఫ్ పోటీలో కాబ్రెరా గెలిచిన స్కోరు పార్ కంటే 5 దెబ్బలు ఎక్కువ! 2025లో అదే పోటీ మళ్లీ అక్కడ జరిగితే పార్ కంటే తక్కువలో ముగించింది స్పాన్ ఒక్కడే. కోర్సు ఎక్కడ తేలికైంది?

ఇంకో బాధ, ఎవరో ఒకరి జ్ఞాపకార్థం నాటే చెట్లు. పక్కన పేరుతో పలక పెడతారు, ఇక దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ ఉండదు. జ్ఞాపకానికి బెంచీ వేయించవచ్చు కదా.

మా ఏడో హోల్ పైన్లు ఒక చలికాలంలో తీసేశారు. మర్నాడు పొద్దున టీ (మొదటి షాట్ కొట్టే చోటు) మీద నిలబడితే గ్రీన్ ఎడమకి వాలి ఉండటం మొదటిసారి కనిపించింది. ఇన్నేళ్లూ ఆ వాలు నీడలోనే ఉండిపోయింది. వెనక ఒంటరిగా ఉన్న పాత ఓక్‌ని మాత్రం ఉంచారు. అది గ్రీన్‌కి దూరం, ఎవరి దారికీ అడ్డు లేదు. వేసవికల్లా గ్రీన్ గట్టిపడింది, నాచు పోయింది.

పన్నెండో హోల్ కుడి పక్క వరస ఇంకా మిగిలే ఉంది. అదీ తీసేయమని కమిటీకి రెండుసార్లు రాశాను.