బడికి థెరపీ కుక్క: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర సర్కారు ఉన్నత పాఠశాల. పదో తరగతి పిల్లలు పరీక్షలంటే వణికిపోతున్నారు. ఊళ్లో ఒకాయన తన నాలుగేళ్ల లాబ్రడార్‌ను థెరపీ కుక్కగా, అంటే పిల్లలు నిమిరి మనసు కుదుటపరచుకునేందుకు, వారానికోసారి తెస్తానంటున్నారు. చాలా సాధువైన కుక్క. ఒప్పుకోవచ్చా?
(ఒక ఉపాధ్యాయిని)

జవాబు: ఒప్పుకోవచ్చు మేడమ్. అయితే సాధువన్న ఒక్క మాట మీద మాత్రం వద్దు. ఇంట్లో మెత్తగా ఉండే కుక్క, గంట కొట్టగానే నలభై మంది బయటికి ఉరికితే ఎలా ఉంటుందో ముందే తెలియాలి. సెలవు రోజు పిలిపించండి. యజమాని పట్టీ పట్టుకుని ఉండగా కొంచెం దూరంలో స్టీలు పళ్లెం కింద పడేయండి. పెద్దవాళ్లెవరైనా పక్కనుంచి పరుగెత్తండి. ఉలిక్కిపడటం తప్పు కాదు. వెంటనే తేరుకుని యజమాని వైపు చూస్తే మంచి గుర్తు. గుర్రుమన్నా, బల్ల కింద దూరి రాకపోయినా ఆ కుక్కకు ఈ పని పెట్టకండి.

టీకా కార్డు చేత్తో పట్టుకుని చూడండి. రేబిస్ టీకా గడువు దాటకూడదు. నట్టల మందు వేసి ఉండాలి, ఒంటి మీద గోమార్లు ఉండకూడదు. ఇంకో సంగతి చాలామంది అడగరు: కోళ్ల దుకాణం నుంచి తెచ్చిన పచ్చి వ్యర్థాలు తినే కుక్క వద్దు. దాని మూతి నుంచి, మలం నుంచి సాల్మొనెల్లా అనే విరేచనాలు తెచ్చే బ్యాక్టీరియా పిల్లలకు అంటుకోవచ్చు. ముట్టుకున్నాక అందరూ సబ్బుతో చేతులు కడగాలి.

నలుగురేసి పిల్లలను పది నిమిషాల చొప్పున పంపండి, గంటలో ముగించండి. పది నిమిషాలు తక్కువేం కాదు. అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధన 2019లో వచ్చింది. అందులో పది నిమిషాలు కుక్కలను, పిల్లులను నిమిరిన కాలేజీ విద్యార్థుల లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్, దూరం నుంచి చూసినవాళ్లకన్నా తక్కువగా ఉంది. అందుకే ముట్టుకోనివ్వాలి, గుంపు చిన్నగా ఉండాలి.

నడినెత్తి మీద తట్టనివ్వకండి. ఛాతీ, భుజం నిమరాలి. మూడు లెక్కపెట్టి చెయ్యి తీసేయాలి. కుక్క మళ్లీ దగ్గరికి జరిగితే నిమరవచ్చు, తల తిప్పుకుంటే వదిలేయాలి. నిద్ర రాకుండానే ఆవలించడం, ఊరికే మూతి నాక్కోవడం, కంటి తెల్లగుడ్డు కనిపించడం, ఇవన్నీ భయం గుర్తులు. పెద్దలు వీటిని ముద్దు అనుకుంటారు, కాటు అక్కడే మొదలవుతుంది. యజమాని కళ్లు కుక్క మీద, మీ కళ్లు పిల్లల మీద ఉండాలి. ఒక్కరే రెండూ చూడలేరు.

పరీక్షలు మార్చిలో కదా, మన నల్లగొండ ఎండ అప్పటికే ముదురుతుంది. కుక్క వగర్చే చల్లబడాలి, మనలా ఒళ్లంతా చెమట పట్టదు. పొద్దున తొమ్మిదిలోపే రమ్మనండి. చెయ్యి వెనక భాగం ఏడు సెకన్లు నేలకు ఆనించలేకపోతే దాని పాదాలూ కాలతాయి. నీళ్ల గిన్నె దగ్గరే పెట్టండి.

ప్రశ్న: మా బాబును రెండేళ్ల కింద వీధికుక్క కరిచింది. ఇప్పుడు వాళ్ల బడికి కుక్కను తెస్తారట. పంపాలా, ఆ రోజు మాన్పించాలా?
(ఒక తల్లి, మహబూబ్‌నగర్)

జవాబు: మాన్పించకండమ్మా, బలవంతమూ చేయకండి. వేరే గదిలో కూర్చునే వీలుండాలని బడికి ముందే రాసివ్వండి. ఎవరు ముట్టుకుంటారో ఆ పిల్లల తల్లిదండ్రుల సంతకం తీసుకోవడం బడి బాధ్యత. బాబు తనంతట తాను చూస్తానంటే, మొదటి రోజు కిటికీలోంచి చాలు. తర్వాత అదే గదిలో దూరంగా. ముట్టుకోవడం చివరి మెట్టు, అది ఎప్పటికీ రాకపోయినా నష్టం లేదు. ‘ఏం కాదు, ముట్టుకో’ అంటూ చెయ్యి పట్టి లాగితే మానిన భయం తిరగబెడుతుంది. రాత్రి ఉలిక్కిపడి లేస్తున్నా, బడికి పోనంటున్నా ముందు పిల్లల మానసిక వైద్యుడికి చూపించండి.

ప్రశ్న: మా బడి ఆవరణలో తిరిగే కుక్కకే అలవాటు చేస్తే సరిపోదా?
(నాగర్‌కర్నూల్)

జవాబు: సరిపోదు. నాటు కుక్క కావడం లోపం కాదు, పెంచితే అది బాగా నేర్చుకుంటుంది. దాని వెంట ఉండే మనిషి లేకపోవడమే చిక్కు. టీకా లెక్క ఎవరి దగ్గరా ఉండదు, ఒళ్లు బాగాలేని రోజున ఆపేవాళ్లుండరు. అది గీరినా కరిచినా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లి టీకా మొదలుపెట్టించండి, డాక్టరు రాసిచ్చిన తేదీల్లో ఒక్కటీ తప్పించకండి.