ఇల్క్లీ మూర్ బండల మీది గుంటలు, వలయాలు ఎవరు చెక్కారు, ఎందుకు?

ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో ఇల్క్లీ మూర్ ఎత్తైన బీడు నేల. చెట్లు తక్కువ, గాలి ఎక్కువ. అక్కడి బండల మీద గిన్నెల్లాంటి చిన్న గుంటలు, కొన్నింటి చుట్టూ వలయాలు ఉంటాయి. వాననీటికి అరిగి కొన్ని గుంటలు పడే మాట నిజమే, కానీ నీరు గుంట చుట్టూ వరసగా వలయాలు గీయదు. ఇవి మనుషుల పనే.

చెక్కింది కొత్తరాతియుగం, తొలి కంచుయుగం మనుషులు, సుమారు 4,000 నుంచి 6,000 ఏళ్ల కిందట. ఇనుప ఉలి లేని కాలం. గట్టి రాయితో ఆ గరుకు ఇసుకరాయిని పొడుస్తూ పోయారు. స్కాట్లాండ్‌లోని కిల్మార్టిన్ ప్రాంతంలో ఇలాంటి బండ పక్కన తవ్వితే క్వార్ట్జ్ (పలుగురాయి) పనిముట్లు దొరికాయి. అసలు చిక్కు కాలం తేల్చడంలో ఉంది: ఒకప్పుడు ప్రాణమున్న వాటి వయసు లెక్కగట్టే కార్బన్ డేటింగ్ చెక్కిన గీతకు కుదరదు, పక్కనున్న మట్టిలో బొగ్గు లాంటిది దొరికితేనే ఆధారం.

ఎందుకు చెక్కారన్నదానికి రాతపూర్వక సాక్ష్యం లేదు. చాలా బండలు లోయ బాగా కనపడే చోట ఉన్నాయి. అందుకే దారికో, మేత నేలకో గుర్తులన్న వాదన నాకు నచ్చుతుంది. నక్షత్ర పటాలనేవాళ్లూ ఉన్నారు. మన నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో ఒక రాతి మీది గుంటలను సప్తర్షి మండలంగా పరిశోధకులు గుర్తించారు. కానీ ఆ పోలికను ఇల్క్లీ బండలన్నిటికీ అంటగట్టలేం.

చూడాలంటే సాయంత్రం వెళ్లండి. మిట్టమధ్యాహ్నం ఉత్త బండలా ఉన్నది, ఏటవాలు ఎండ పడగానే ప్రతి వలయం అంచునా నీడ కట్టి బయటపడుతుంది. గీతలు కనపడాలని సుద్దముక్కతో మాత్రం రుద్దకండి.