బడి గేటు ముందు ఇంజన్లు ఆపించడం ఎలా?

పిల్లల కోసం వచ్చిన కార్లు ఇంజన్ ఆపకుండా నిలబడుతుంటే ఏం చేయాలన్నది ప్రశ్న. ముందు ఒక వారం లెక్క రాయండి: ఎన్ని బళ్లు, ఎన్ని నిమిషాలు, ఎందుకు. అది తెలియకుండా బోర్డు పెడితే ఎవరూ పట్టించుకోరు. వరస అంగుళం అంగుళం కదులుతుంటే ఎవరూ ఇంజన్ ఆపరు. తరగతులవారీగా 10 నిమిషాల తేడాతో వదిలితే వరస తగ్గుతుంది. ఏసీ కోసమైతే నీడలో నిలిపే చోటు చూపించాలి. వేడెక్కిన ఇంజన్ 10 సెకన్లకు మించి ఊరికే తిరిగితే, ఆపి మళ్లీ స్టార్ట్ చేసినదానికన్నా ఎక్కువ ఇంధనం పోతుంది. ఈ మాట మనిషికి మనిషి చెబితేనే నాటుకుంటుంది. ఆ పొగ పెద్దలకన్నా ముందు చిన్నపిల్లల ముక్కుకే అందుతుంది, అసలు బాధ అదే. బస్సులకు మాత్రం, గాలి ఒత్తిడితో పనిచేసే ఎయిర్ బ్రేకుల్లో గాలి నిండేదాకా ఇంజన్ నడపడానికి కాస్త వ్యవధి ఇవ్వాలి.