పక్కింటి తాళాలు ఇచ్చారు, రిజిస్ట్రేషన్ కాలేదు: రిపేర్లు మొదలుపెట్టొచ్చా?

ప్రశ్న: చాలా ఏళ్లుగా బొంతలు కుడుతున్నాను. ఇంట్లో చోటు చాలడం లేదు. పెద్ద బొంత పరిచి పొరలు కలిపి కుట్టాలంటే పొడవాటి హాలు, మంచి వెలుతురు కావాలి. మా ఇంటి గోడను ఆనుకుని ఉన్న పాత ఇంటి యజమాని రెండేళ్ల కిందట చనిపోయారు. ఆయన భార్య అంతకు ముందే పోయారు. కొడుకులిద్దరూ ఇల్లు నాకు అమ్ముతామన్నారు, ధర కుదిరింది. తెల్లకాగితం మీద రాసుకుని అడ్వాన్స్ తీసుకున్నారు, తాళాలు ఇచ్చారు. రిజిస్ట్రేషన్ తీరిగ్గా చేసుకుందాం, ఈలోగా రిపేర్లు చేయించుకోండి అంటున్నారు. పైకప్పు కారుతోంది. రెండు గదుల మధ్య గోడ తీసేసి ఒకే హాలు చేయాలని, మా ఇంట్లోంచి అందులోకి ఒక తలుపు పెట్టుకోవాలని నా ఆలోచన. వాళ్లకు ఒక అక్క ఉన్నారు, పెళ్లయి విదేశంలో ఉంటున్నారు. ఆమె సంతకం అక్కర్లేదని తమ్ముళ్లు అంటున్నారు. మేం ఉంటున్న ఇల్లు మా అత్తగారి పేరున ఉంది. నేను పని మొదలుపెట్టొచ్చా?

జవాబు: మొదలుపెట్టకండి. రిజిస్ట్రేషన్ అయ్యేదాకా హాలు పని జోలికి వెళ్లొద్దు. ఆ చోటు మీకెంత అవసరమో మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పక్కింటివాళ్ల దగ్గర కొనేటప్పుడు మనుషులు తెలుసు కదా అని కాగితాలు చూడం. ఆ ఇంట్లో ఎవరు పుట్టారో, ఎవరు పెరిగారో మీకు తెలుసు. ఇల్లు ఎవరి పేరున ఉంది, ఆ పేరు మీదికి ఎలా వచ్చింది, ఇవాళ ఎంతమందికి అందులో వాటా ఉంది అన్నవి మాత్రం కాగితాల్లోనే తేలాలి.

ముందు మీ చేతిలో ఉన్న తెల్లకాగితం సంగతి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ ప్రకారం వంద రూపాయలు, ఆపైన విలువ చేసే స్థిరాస్తి అమ్మకం రిజిస్టర్డ్ దస్తావేజుతోనే జరగాలి. అమ్ముతాం, కొంటాం అని రాసుకున్న ఒప్పందం దానంతట అది ఆస్తిలో ఏ హక్కూ ఇవ్వదని కూడా అదే సెక్షన్ చెబుతోంది. ఒప్పందం మీద ఇల్లు స్వాధీనం చేసుకున్నవారికి 53ఎ సెక్షన్ కొంత రక్షణ ఇస్తుంది. అయితే 2001 సెప్టెంబరు 24 తర్వాత రాసుకున్న ఒప్పందాలకు ఆ రక్షణ కావాలంటే ఒప్పందం రిజిస్టరై ఉండాలి. మీది కాలేదు.

మీరు ఇచ్చిన అడ్వాన్స్‌కీ, రిపేర్లకు పెట్టబోయే డబ్బుకీ చట్టం దృష్టిలో చాలా తేడా ఉంది. మీ తప్పేమీ లేకుండా అమ్మకం ఆగిపోతే, ఇచ్చిన అడ్వాన్స్‌కు ఆ ఆస్తి మీద, అమ్మేవాళ్లకు అందులో ఉన్న హక్కు మేరకు, మీకు చార్జి ఉంటుంది. ఇది 55వ సెక్షన్ ఇచ్చే హక్కు. అంటే ఆ డబ్బు రాబట్టుకోవడానికి ఇంటినే పట్టుకోవచ్చు. రిపేర్ల డబ్బుకు అలాంటి ఆధారం లేదు. ఇంటిని బాగుచేసిన ఖర్చు ఇప్పించే 51వ సెక్షన్ ఒకటుంది కానీ, అది ఇల్లు పూర్తిగా తనదేనని నిజంగా నమ్మి ఖర్చు పెట్టినవారికి. రిజిస్ట్రేషన్ కాలేదని మీకు తెలుసు. అక్కగారు ఉన్నారనీ తెలుసు. రేపు కోర్టులో ‘ఇల్లు నాదే అనుకున్నాను’ అనడానికి వీలుండదు. కప్పు వేయించి, గోడ తీయించి, నేల బాగుచేయించాక వాళ్లు మనసు మార్చుకుంటే, బాగుపడిన ఇల్లు వాళ్లకు మిగులుతుంది. మీరు ఆ ఖర్చు కోసం ఏళ్ల తరబడి తిరగాల్సి వస్తుంది.

ఇక అక్కగారి సంతకం. నాకు ఎక్కువ టెన్షన్ కలిగించింది ఈ మాటే. ఆ కుటుంబానికి హిందూ వారసత్వ చట్టం వర్తిస్తుందనుకుని చెబుతున్నాను. ఇల్లు తండ్రి స్వార్జితమై, ఆయన వీలునామా రాయకుండా పోతే, భార్య కూడా లేదు కాబట్టి ముగ్గురు పిల్లలకూ సమాన వాటా. నానమ్మ ఉండి ఉంటే ఆమెకూ వాటా ఉండేది, అదీ కనుక్కోండి. పిత్రార్జితమైనా కూతురికి హక్కు ఉంది. 2005 సవరణ కూతురిని కొడుకుతో సమానం చేసింది, ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉన్నారా లేదా అన్నదానితో పని లేదని సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో 2020 ఆగస్టు 11న తేల్చింది. తండ్రి స్వార్జితాన్ని కొడుకులకే రాస్తూ వీలునామా పెట్టి ఉంటే లెక్క మారుతుంది. అలాంటిది ఉందని మీకెవరూ చెప్పలేదు.

‘పెళ్లప్పుడే ఇవ్వాల్సింది ఇచ్చేశాం’ అని తమ్ముళ్లు అనొచ్చు. కట్నం ఇచ్చినంత మాత్రాన వాటా పోదు. ‘అక్క వద్దనేసింది’ అన్నా చెల్లదు. స్థిరాస్తిలో హక్కు వదులుకోవాలంటే రిజిస్టర్డ్ హక్కు విడుదల పత్రం కావాలి, ఫోన్లో చెప్పిన మాట సరిపోదు. మగ వారసులు పంచుకుంటే తప్ప ఆడపిల్ల ఉమ్మడి నివాస గృహంలో పంపకం అడగకూడదని ఒకప్పుడు హిందూ వారసత్వ చట్టంలో 23వ సెక్షన్ ఉండేది. ఆ మాట ఇప్పటికీ చాలామంది నోట వింటుంటాం. ఆ సెక్షన్‌ను 2005లోనే తీసేశారు.

అక్కగారి సంతకం లేకుండా రిజిస్టర్ చేయించుకుంటే మీకు వచ్చేది తమ్ముళ్ల రెండు వాటాలే. మూడో వాటాదారు ఆమే. అది కుటుంబం విడదీసుకోని నివాస గృహం కాబట్టి, బయటివారైన మీరు ఆమెతో కలిసి స్వాధీనంలో ఉండే హక్కు అడగలేరు. ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షన్ చెబుతున్నది ఇదే. పంపకం కోసం మీరు దావా వేస్తే, మీరు కొన్న వాటాలను తానే కొనుక్కుంటానని ఆమె కోర్టును అడగొచ్చు. 1893 నాటి పార్టిషన్ చట్టం 4వ సెక్షన్ ఇంటివాళ్లకు ఆ అవకాశం ఇచ్చింది. అప్పుడు ధర కోర్టు కట్టిస్తుంది. మీరు అమర్చుకున్న హాలు అలా చేయి దాటిపోకూడదంటే ఇప్పుడే ఆమెతో మాట్లాడండి. తమ్ముళ్ల ద్వారా వద్దు, మీరే ఫోన్ చేయండి. వాళ్లు ఆమె దగ్గర ఏదో దాచారని నేను అనడం లేదు. వాటా డబ్బు తనకు అందుతోందా లేదా అన్నది మాత్రం ఆమె నోటితోనే వినాలి.

ఆమె రాలేకపోతే దారి ఉంది. ఈ ఒక్క ఇంటి అమ్మకానికే పరిమితమైన స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీని (తన తరఫున సంతకం పెట్టే అధికారం ఇచ్చే పత్రాన్ని) అక్కడి భారత కాన్సులేట్‌లో గానీ, నోటరీ ఎదుట గానీ రాసి పంపవచ్చు. అది మన దేశానికి చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. ఆ గడువు దాటనివ్వకండి. ‘అందరం కలిసి మీకే జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాసిచ్చేస్తాం, రిజిస్ట్రేషన్ ఖర్చు కలిసొస్తుంది’ అంటే మాత్రం ఒప్పుకోవద్దు. జీపీఏ మీద జరిగే అమ్మకాలతో యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు సూరజ్ లాంప్ కేసులో 2011లోనే చెప్పింది.

ఇప్పుడు చేయాల్సింది, ముగ్గురి సంతకాలతో కొత్త ఒప్పందం రాయించి రిజిస్టర్ చేయించడం. ఇప్పటిదాకా ఇచ్చిన అడ్వాన్స్‌ను అందులో చూపించండి. రిజిస్ట్రేషన్‌కు ఒక తేదీ పెట్టండి. ‘తీరిగ్గా’ అనేది గడువు కాదు. వాళ్లు రిజిస్టర్ చేయకపోతే దావా వేయడానికి ఆ తేదీ నుంచి మూడేళ్లే సమయం ఉంటుంది. తేదీ లేకపోతే, వాళ్లు నిరాకరించారని మీకు తెలిసిన రోజు నుంచి లెక్క, ఆ రోజు ఏదన్నదే పెద్ద తగవు అవుతుంది. ఇంకొక జాగ్రత్త: ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇల్లు స్వాధీనం చేశామని ఒప్పందంలో ఉంటే దానికి అమ్మకం దస్తావేజుతో సమానంగా స్టాంపు డ్యూటీ పడుతుంది. తాళాలు ఇచ్చినట్టు మీ తెల్లకాగితంలో ఉందేమో చూసుకోండి. ఉంటే, డ్యూటీ, జరిమానా కట్టేదాకా కోర్టు దాన్ని సాక్ష్యంగా తీసుకోదు. తాళాలు తిరిగి ఇచ్చేసి, స్వాధీనం రిజిస్ట్రేషన్ రోజున అని కొత్త ఒప్పందంలో రాసుకోవడం నయం. డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, ఆపైన నగదు తీసుకుంటే ఆదాయపు పన్ను చట్టం కింద తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడొచ్చు.

ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలిచ్చే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు (ఇల్లు ఇంతకు ముందు చేతులు మారిన దస్తావేజులు), రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల నిషేధిత జాబితాలో ఆ ఇంటి స్థలం ఉందా లేదా అన్నది మీ ఊళ్లో ఒక న్యాయవాదికి ఇచ్చి చూపించండి. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. కోర్టు కేసు నడుస్తుంటే అది అందులో లేకపోవచ్చు, ముగ్గురి పేర్లతోనూ కోర్టులో విడిగా వెతికించండి. ఇంటి పన్ను రసీదు ఎన్నేళ్లది చూపించినా అది హక్కు పత్రం కాదు.

పైకప్పు కారుతోందన్నారు. వానలకు ఇల్లు పాడవుతుందన్న మీ భయం అర్థమైంది. అంత తొందరైతే కప్పు వరకు తాత్కాలికంగా వాళ్లచేతే చేయించండి. కాదు, మీరే చేయించాలంటే, ఇంత ఖర్చు ధరలో తగ్గించుకుంటామని, అమ్మకం జరగకపోతే తిరిగి ఇస్తామని ముగ్గురూ రాసిచ్చాకే చేయించండి. గోడలు, నేల, కిటికీలు ముట్టుకోవద్దు. చెమ్మ గురించి ఒక మాట. మామూలుగా చూస్తే తెలియని లోపాలు అమ్మేవాళ్లకు తెలిస్తే చెప్పి తీరాలి. కంటికి కనిపించే వాటి బాధ్యత కొనేవారిదే. దూది, బట్ట దాచుకునే చోటుకు గోడలో ఊరే నీరు పైకప్పు కంటే పెద్ద శత్రువు, కాబట్టి కొత్త ఒప్పందంలో ధర రాసే ముందే ఇంజినీరును తీసుకెళ్లండి. మీరు తీయాలనుకుంటున్న మధ్య గోడ మీద కప్పు బరువు ఉందా అన్నదీ అతనే చెప్పాలి. ఉంటే అది సాధారణ మరమ్మతు కిందికి రాదు, మున్సిపాలిటీ లేదా పంచాయతీ అనుమతి తీసుకోవాలి. అవతలి పక్క మూడో ఇంటితో ఉమ్మడి గోడ ఉంటే వాళ్లకు చెప్పకుండా దాన్ని తవ్వడం, దూలం దించడం చేయొద్దు.

వెలుతురు మీకు ప్రాణం కాబట్టి కిటికీల సంగతి వివరంగా చెబుతాను. పక్కవారి స్థలం మీదుగా ఒక కిటికీకి 20 ఏళ్లు అడ్డు లేకుండా, హక్కుగా వెలుతురు వస్తూ ఉంటేనే అది చట్టపరమైన హక్కు అవుతుంది. మీరు కొత్తగా తెరిచే కిటికీకి ఆ రక్షణ ఉండదు. అవతలివారు రేపు నిబంధనల ప్రకారం గోడ కట్టుకుంటే మీ హాలు చీకటైపోతుంది, వాళ్లను ఆపలేరు. కాబట్టి కుట్టే చోటును వీధి వైపో, మీ సొంత ఆవరణ వైపో పెట్టుకోండి. పాత కిటికీలు ఉంటే, రిపేర్లకు ముందే వాటి ఫొటోలు తీసి ఉంచండి. వాటి చోటు, కొలతలు మార్చకండి.

మీ ఇంట్లోంచి తలుపు విషయంలో నా అభిప్రాయం కొంచెం వేరు. కొత్త ఇల్లు మీ పేరునే కొనుక్కోండి, అందులో సందేహం వద్దు. అత్తగారి ఇల్లు మాత్రం మీది కాదు. ఆమె రాతపూర్వకంగా ఒప్పుకుంటే తలుపు పెట్టుకోవచ్చు. ఆ ఇంటి మీద బ్యాంకు లోన్ ఉంటే బ్యాంకునూ అడగాలి. ఆమె తర్వాత మీ ఆడబిడ్డలకో, మరుదులకో వాటా వస్తే, ఆ తలుపు మూసేయమని వాళ్లు అడగొచ్చు. అందుకని మీ హాలుకు వీధిలోంచి సొంత దారి, సొంత మీటరు, సొంత డ్రైనేజీ ఉండేలా మొదటి నుంచే ప్లాన్ చేయండి. అత్తగారింటి నీళ్లు ఇప్పుడు ఆ పాత ఇంటి ఆవరణలోంచి పోతున్నాయేమో కూడా చూడండి.

మీ కోసం, మీవాళ్ల కోసం కుట్టుకుంటే ఇల్లు ఇల్లుగానే ఉంటుంది. అమ్మకానికి కుట్టినా, నేర్పడానికి ఫీజు తీసుకున్నా, మనుషులను పెట్టుకున్నా వాడకం మారుతుంది. ఆ ప్రాంతంలో అలాంటి పని చేసుకోవచ్చో లేదో స్థానిక సంస్థలో ముందే అడగండి. జీతానికి మనుషులను పెడితే దుకాణాలు, సంస్థల చట్టం కింద నమోదు ఉంటుంది. ఎక్కువమంది పట్టించుకోనిది కరెంటు. ఇంటి కనెక్షన్ మీద వ్యాపారం నడిపితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వినియోగంగా లెక్కగట్టి, వర్తించే టారిఫ్‌కు రెట్టింపు వసూలు చేస్తారు. ఎప్పటి నుంచి వాడారో తేలకపోతే తనిఖీకి ముందు 12 నెలలకు వేస్తారు. రిజిస్ట్రేషన్ అయ్యాక మీటరు మీ పేరుకు మార్చుకోవడానికి ఎలాగూ దరఖాస్తు పెట్టాలి. కుట్టుపనికి ఏ కేటగిరీ వర్తిస్తుందో అడిగి, కేటగిరీ మార్పు కూడా అందులోనే కోరండి.