ప్రభు రాత్రి భోజనానికి (చర్చిలో యేసును తలచుకుని రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి) ముందు ఆత్మపరిశీలన చేసుకోమంటారు, అసలు ఏం చేయాలి?

ఒడిశాలోని మా పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగు సంఘాల్లో పాస్టరు గారు ఆ మాట అనగానే అందరం ఓ నిమిషం తల దించుకుంటాం, అయిపోతుంది. కానీ పౌలు 1 కొరింథీ 11:28లో అది ఊరికే రాయలేదు, కొరింథు సంఘంలో డబ్బున్నవాళ్లు ముందే తినేసి లేనివాళ్లను ఆకలితో వదిలేస్తున్నారు. కాబట్టి తోటివాళ్లతో మన తీరు దగ్గరే మొదలుపెట్టాలి. శనివారం రాత్రే కూర్చోండి. "నేను పాపిని ప్రభువా" అని గంపగుత్తగా కాదు, సంతలో కొండ పసుపు తెచ్చిన సవర గిరిజన ఆమెను బేరమాడి ఎంత నలిపాను, తోడికోడలితో ఎందుకు మాటల్లేవు అని విడివిడిగా మిమ్మల్ని మీరే అడగండి. మన సాకులు మనకు నిజాల్లాగే కనిపిస్తాయి, అందుకే 139వ కీర్తనలోలా పరిశోధించమని దేవుణ్ణే అడగడం మేలు. అలాగని తవ్వుకుంటూ కూర్చుంటే మిగిలేది టెన్షనే. దొరికింది ఒప్పుకుని, మత్తయి 5:24లో ఉన్నట్టు ముందు ఆ మనిషి దగ్గరికి వెళ్లండి, కనీసం ఫోనైనా చేయండి.