యూరో 2028కి లండన్: ముగ్గురా, ఇద్దరా?

ప్రశ్న: మాది విశాఖపట్నం. ఇద్దరం ఉద్యోగులం. 2028లో లండన్ వెళ్లి యూరో ఫుట్‌బాల్ చూడాలని మావారికి, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అబ్బాయికి కోరిక. మావారైతే ఫైనలే చూడాలంటున్నారు. నాకు ఆట అంతగా పట్టదు గానీ లండన్ చూడాలనుంది. ఇంటి లోను, అబ్బాయి ఇంజినీరింగ్ కోసం మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కడుతున్న సిప్ పోను నెలకు 18 వేలు మిగులుతాయి. ఏటా ఏప్రిల్‌లో మావారికి 80 వేల బోనస్ వస్తుంది. ఈ డబ్బు స్మాల్‌క్యాప్ ఫండ్‌లో (చిన్న కంపెనీల షేర్లు కొనే ఫండ్) పెట్టాలా, చీటీ వేయాలా? తగ్గితే పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

జవాబు: మీరు రాయని ఖర్చు ఒకటుంది. ఐరోపా దేశాల జట్లు ఆడే యూరో 2028 జూన్ 9న వేల్స్‌లోని కార్డిఫ్‌లో మొదలై జులై 9న లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో ఫైనల్‌తో ముగుస్తుంది. సరిగ్గా ఆ జూన్‌లోనే మీ అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉంటాడు. ఇంజినీరింగ్‌కు సిప్ ఉంది, ఇంటర్ ఫీజుకు ఏముంది? కార్పొరేట్ కాలేజీలో చేర్చే ఆలోచన ఉంటే 2028 ఏప్రిల్‌లో వచ్చే బోనస్ ఆ ఫీజుకే అనుకోండి. దాన్ని లండన్ లెక్కలోకి తేవద్దు.

ఫైనల్ సంగతి మనవల్ల కాదని మీవారికి చెప్పేయండి. 2024లో జర్మనీలో జరిగిన యూరోలో తొలి దశలోని గ్రూప్ మ్యాచ్ టికెట్లు 30 నుంచి 200 యూరోల మధ్య ఉంటే, ఫైనల్‌లో మంచి సీటు 1,000 యూరోలు పలికింది. పైగా జులై 9 అంటే కాలేజీ నెల రోజులు నడిచిపోయి ఉంటుంది. మొదటి రెండు వారాల్లో ఒక గ్రూప్ మ్యాచ్ చాలు. లండన్‌లో వెంబ్లీతో పాటు టాటెన్‌హామ్ స్టేడియంలోనూ మ్యాచ్‌లు ఉంటాయి కాబట్టి ఊరు దాటే పని లేదు.

ఇప్పుడు లెక్క. పౌండు ఈ రోజు ఎంతున్నా 135 రూపాయలు వేసుకుందాం. ఈ రెండేళ్లలో రూపాయి బలపడుతుందని ఆశ పెట్టుకోవడం కంటే ఇది నయం. విమానానికి మనిషికి 90 వేల చొప్పున ముగ్గురికి 2.7 లక్షలు. ఆరు రాత్రులకు గది, రాత్రికి 140 పౌండ్ల లెక్కన 1.13 లక్షలు. ఏడు రోజుల తిండి, మెట్రో, బస్సులకు రోజుకు 100 పౌండ్లు, అంటే 95 వేలు. వీసా, బీమాకు 60 వేలు. మ్యాచ్ టికెట్లు ఆట చూసే ఇద్దరికే కాబట్టి 37 వేలు. మొత్తం దాదాపు 5.75 లక్షలు. ఇద్దరే వెళ్తే ఇదే లెక్కన 4.3 లక్షలు.

మీ దగ్గర పోగయ్యేది? ఈ ఆగస్టు నుంచి 2028 మే దాకా 22 నెలలకు 3.96 లక్షలు, 2027 బోనస్ 80 వేలు, వడ్డీ కలిపితే ఐదు లక్షలు. ఇద్దరికి సుఖంగా సరిపోతుంది. ముగ్గురికి 75 వేలు తక్కువ. నెలకు మరో మూడున్నర వేలు తీయగలిగితే ఆ లోటూ పూడుతుంది. 2027 అక్టోబరు ఆఖరుకు ఖాతాలో నాలుగు లక్షలు చేరితే ముగ్గురూ వెళ్లండి. చేరకపోతే ఇద్దరే. ఆ ఇద్దరు ఎవరన్నది మీ ఇంట్లో తేల్చుకోవాల్సిన గొడవ, నేను వేలు పెట్టను.

స్మాల్‌క్యాప్ మాత్రం వద్దు. టోర్నమెంట్ తేదీ మీ ఫండ్ కోలుకునేదాకా ఆగదు. 2020 జనవరి నుంచి మార్చి లోపే పెద్ద కంపెనీల షేర్ల సూచీ నిఫ్టీయే మూడో వంతుకు పైగా పడింది. స్మాల్‌క్యాప్‌ల సంగతి ఇక చెప్పక్కర్లేదు. బ్యాంకులో నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్లు (ఆర్‌డీలు) రెండు తెరవండి. ఒకటి 2027 నవంబరులో ముగిసేలా, విమాన టికెట్లకు. రెండోది 2028 ఏప్రిల్‌కు, మిగతా ఖర్చులకు. వచ్చే ఏడాది బోనస్ సేవింగ్స్ ఖాతాలోనే ఉంచండి. 2024 యూరోకు టికెట్ల దరఖాస్తులు ఎనిమిది నెలల ముందే, 2023 అక్టోబరులో తీసుకున్నారు. టికెట్ల డ్రాలో (లాటరీ) పేరొస్తే డబ్బు సిద్ధంగా ఉండాలి. టికెట్లు టోర్నీ నిర్వహించే యూఈఎఫ్‌ఏ అధికారిక సైట్‌లో తప్ప ఎక్కడా కొనకండి. ఇంగ్లండ్‌లో అనుమతి లేకుండా ఫుట్‌బాల్ టికెట్లు మళ్లీ అమ్మడం నేరం.

చీటీ వేసే అలవాటుంటే రిజిస్టరైన కంపెనీలోనే వేయండి. వీధి చీటీ మునిగితే అడగడానికి కాగితం కూడా ఉండదు. ఈ పనికి మాత్రం ఆర్‌డీయే మేలు. దానికి ఇంకో కారణం వీసా. బ్రిటన్ విజిటర్ వీసాకు ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయగలరు. అప్పుడు బ్యాంక్ స్టేట్‌మెంట్లు చూస్తారు. నెలనెలా పెరిగిన డబ్బుకు లెక్క చెప్పవచ్చు. బావగారి దగ్గర చేబదులు తెచ్చి ముందు వారం ఖాతాలో వేసిన నాలుగు లక్షలకు చెప్పలేరు. వీసా చేతికొచ్చేదాకా హోటల్ మాత్రం రద్దు చేసుకునే వీలున్నదే బుక్ చేయండి. టోర్నీయే వాయిదా పడినా అది పనికొస్తుంది. కొవిడ్ వల్ల 2020 యూరో ఏడాది వాయిదా పడింది కదా.

2028 జనవరి నుంచి మూడు నాలుగు విడతల్లో ఫారెక్స్ కార్డులో (విదేశీ డబ్బు ముందే నింపుకునే కార్డు) పౌండ్లు వేసుకోండి. మామూలు క్రెడిట్ కార్డులు చాలావరకు విదేశీ ఖర్చుపై 3.5 శాతం దాకా మార్కప్ (అదనపు రుసుము), దానిపై జీఎస్‌టీ లాగుతాయి. లక్ష ఖర్చుకు నాలుగు వేలు అలా పోతాయి. అక్కడ కార్డు గీసేటప్పుడు మెషీన్ ‘రూపాయల్లోనా, పౌండ్లలోనా’ అని అడిగితే పౌండ్లే నొక్కండి. రూపాయలంటే వాళ్లు వేసిన రేటు కట్టాలి. ఏడాదికి మనిషికి పది లక్షల లోపు విదేశీ మారకం సొంతంగా కొనుక్కుంటే టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందే వసూలు చేసే పన్ను) ఉండదు. టూర్ ప్యాకేజీ తీసుకుంటే మాత్రం కంపెనీ టీసీఎస్ వసూలు చేస్తుంది. అది రిటర్నుల్లో వెనక్కొస్తుంది గానీ అప్పటికి చేతి నుంచి కట్టాలి.

పర్సనల్ లోన్ వద్దు. 75 వేలు తగ్గితే ఒక రాత్రి, ఒక మనిషి తగ్గించవచ్చు. ఇంటి లోను మీద మరో ఈఎంఐ ఎక్కితే రెండేళ్లు మోయాలి. ఈ వారం ఆర్‌డీలు తెరిచి, అబ్బాయి పాస్‌పోర్ట్ గడువు చూడండి. పిల్లల పాస్‌పోర్ట్ ఐదేళ్లకో, పద్దెనిమిది నిండేసరికో ముగిసిపోతుంది.