ఇల్లు మారేవాళ్ల ప్రశ్నలు: ఏది కట్టాలి, ఏది వదిలెయ్యాలి

ఈసారి ఉత్తరాల్లో చాలావరకు ఇల్లు మారడం గురించే. వాటిలోంచి నాలుగు తీసుకున్నాను. తెనాలి నుంచి వచ్చిన ఉత్తరంలో అందరికీ పనికొచ్చే సంగతులు ఎక్కువున్నాయి, అందుకే దానికి ఎక్కువ చోటిచ్చాను.

ప్రశ్న: పాతికేళ్లుగా తెనాలిలో సొంత ఇంట్లో ఉన్నాం. మా అబ్బాయి ఉద్యోగం వల్ల హైదరాబాదు కూకట్‌పల్లిలో రెండు బెడ్‌రూముల ఫ్లాటుకి మారుతున్నాం. మావారేమో "ప్యాకర్స్ వాళ్లే వచ్చి అంతా సర్దేస్తారు, నీకెందుకు టెన్షన్" అంటున్నారు. అత్తగారు ఒక్క ఇత్తడి గిన్నె కూడా వదలనంటున్నారు. గ్యాస్, ఫ్రిజ్, ఆవకాయ జాడీలు ఏం చెయ్యాలో తోచడం లేదు.
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: అమ్మా, ప్యాకర్స్ వాళ్లు సర్దుతారు, నిజమే, కానీ కంటికి కనపడ్డదల్లా సర్దుతారు. విరిగిన ప్లాస్టిక్ స్టూలూ, పాత కరెంటు బిల్లులూ కూడా అట్టపెట్టెల్లోకి ఎక్కి కూకట్‌పల్లి చేరతాయి, వాటి బాడుగ మీరే కడతారు. ఏది రావాలి, ఏది వద్దు అన్నది తేల్చాల్సింది మీ ఇంట్లోవాళ్లే, అదీ లారీ రావడానికి కనీసం రెండు వారాల ముందే.

ముందు అత్తగారితో కూర్చోండి. ఆవిడ గుడికి వెళ్లినప్పుడు సామాను తీసేసే పని మాత్రం దయచేసి చెయ్యకండి, ఆ బాధ కొత్త ఇంట్లో చాలాకాలం ఉంటుంది. "ఏవి తీసేద్దాం అత్తయ్యా" అని కాకుండా "ముందు ఏవి పెట్టుకుందాం" అని అడగండి. ఫ్లాటులో అటక ఎంతుందో, వంటింటి అరలు ఎంత లోతున్నాయో కొలతలు తెచ్చి చూపిస్తే ఆవిడే లెక్క వేసుకుంటారు. గంగాళం, బిందెలు ఉంచుకోదలిస్తే వాటినే పెట్టెల్లా వాడుకోవచ్చు: గ్లాసులు, గరిటెలు, పప్పుగుత్తి పాత నూలు చీర ముక్కల్లో చుట్టి బిందెలో పెడితే రెండు అట్టపెట్టెలు తగ్గుతాయి. రుబ్బురోలు సంగతి ఆవిడకే వదిలెయ్యండి. కావాలంటే రానివ్వండి, బరువేగానీ చెడిపోయే వస్తువు కాదు.

గ్యాస్ సిలిండరు సామాన్ల లారీలో ఎక్కించకూడదు, అది ప్రమాదం. మీరు ఊరు మారుతున్నారు కాబట్టి తెనాలి ఏజెన్సీలో సిలిండరు, రెగ్యులేటరు అప్పజెప్పి టెర్మినేషన్ వోచర్ (అక్కడి కనెక్షన్ రద్దు చేసినట్టు ఇచ్చే కాగితం) తీసుకోండి, మీరు అప్పట్లో కట్టిన డిపాజిట్టు తిరిగిస్తారు. ఆ వోచర్ హైదరాబాదులో కొత్త ఏజెన్సీకి చూపిస్తే కనెక్షన్ ఇస్తారు, డిపాజిట్టు మాత్రం ఇప్పటి రేటు ప్రకారం కట్టాలి. స్టవ్ మీ సొంతం, తీసుకెళ్లొచ్చు. అక్కడ సిలిండరు చేతికొచ్చేదాకా పాలు కాచుకోవడానికి ఒక ఇండక్షన్ పొయ్యి దగ్గరుంటే హాయి.

ఫ్రిజ్ ముందురోజే ఖాళీ చేసి, స్విచ్చి తీసి, మంచు కరిగాక తడి తుడిచి తలుపు కాసేపు తెరిచి ఉంచండి. లారీలో నిలబెట్టే తీసుకెళ్లాలి, పడుకోబెడితే కంప్రెసర్‌లోని ఆయిలు గొట్టాల్లోకి పోతుంది. చేరాక కూడా నాలుగైదు గంటలు ఆగి ఆన్ చెయ్యండి. వాషింగ్ మెషీన్ ముందు తలుపు రకమైతే, కొన్నప్పుడు వెనకవైపు నుంచి విప్పిన పొడవాటి బోల్టులు ఇంట్లో ఎక్కడో ఉంటాయి, వెతికి మళ్లీ బిగించండి. అవి లేకుండా తీసుకెళ్తే దారి కుదుపులకి లోపలి డ్రమ్ము దెబ్బతింటుంది. ఏసీ విప్పడానికి మెకానిక్కే రావాలి, గ్యాసుని బయటి యూనిట్‌లోకి పంపి బిగించాకే గొట్టాలు తీస్తాడు.

ఇక ఆవకాయ. జాడీ నిండా పచ్చడితో లారీ ఎక్కించకండి. తడిలేని గాజు సీసాల్లోకో, మూత గట్టిగా పట్టే మంచి ప్లాస్టిక్ డబ్బాల్లోకో పొడి గరిటెతో తియ్యండి, పైన నూనె తేలేలా చూసుకోండి, ఒక్కోదాన్ని కవర్లో కట్టి నిలబెట్టి మీతోపాటే తీసుకెళ్లండి. ఖాళీ జాడీలు లోపల గుడ్డ కుక్కి, చుట్టూ దుప్పటి చుడితే క్షేమంగా వస్తాయి. బంగారం, ఇంటి కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు, మందులు కూడా మీ చేతి సంచిలోనే ఉండాలి, ఎవరెంత నమ్మకస్తులైనా సరే.

పెట్టె మీద లోపల ఏముందో ఒక్కటే రాస్తే చాలదు, ఏ గదిలో దించాలో కూడా పెద్ద అక్షరాలతో రాయండి. దించేవాళ్లు చూసేది అదే. పుస్తకాలకి చిన్న పెట్టెలే వాడండి, పెద్దదాన్ని నింపితే ఎత్తేటప్పుడు అడుగు ఊడుతుంది.

ప్రశ్న: కరీంనగర్ నుంచి హైదరాబాదుకి ఒకరు ఫోన్లోనే 14 వేలు అన్నారు, ఇంకొకరు ఇంటికొచ్చి చూసి 23 వేలు అన్నారు. తక్కువదానికే వెళ్లొచ్చా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: సామాను చూడకుండా చెప్పిన రేటుని నేను నమ్మను. చాలామంది మోసపోయేది ఇక్కడే: తక్కువ చెప్పి సామాను ఎక్కించుకుంటారు, దారిలోనో కొత్త ఇంటి ముందో లారీ ఆపి ఇంకో పదివేలు ఇస్తేనే దించుతామంటారు. అప్పుడు మీ చేతిలో ఏమీ ఉండదు. అందుకే లిఫ్టు లేని అంతస్తుకి ఎక్కించడం, టోల్, జీఎస్టీ, ప్యాకింగ్ సామగ్రి అన్నీ కలిపి ఎంతో కాగితం మీద రాయించుకోండి. లారీ మీ ఒక్కరికేనా, దారిలో వేరేవాళ్ల సామాను కూడా ఎక్కిస్తారా అనేదీ అడగండి. వస్తువుల జాబితా మీద ఇద్దరూ సంతకాలు చెయ్యాలి, రవాణా రసీదు తీసుకోవాలి. బీమా ఉందని నోటితో అంటే సరిపోదు, పాలసీ కాగితం చూడండి. మనం స్వయంగా కట్టిన పెట్టెల్లో పగిలినవాటికి చాలా పాలసీలు డబ్బివ్వవు. టీవీ పనిచేస్తుండగా వీడియో తీసి పెట్టుకోండి. డబ్బంతా ముందే ఇచ్చెయ్యకండి.

అయినా ఇబ్బంది పెడితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసిస్తున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వెయ్యొచ్చు, మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు.

ప్రశ్న: ఇంటి ఓనరు గడువు ఆషాఢంలో ముగుస్తోంది. ఆ నెలలో మారకూడదని అమ్మ పట్టుబడుతోంది. వరంగల్ నుంచి హనుమకొండకే కదా, ఏం చెయ్యమంటారు?
– వరంగల్ నుంచి ఒక అమ్మాయి

జవాబు: అమ్మ మాట తోసెయ్యక్కర్లేదమ్మా. ఆషాఢం రాకముందే ఒక మంచిరోజు చూసి, దేవుడి పటం, పసుపు కుంకుమ, ఉప్పు, బియ్యం తీసుకెళ్లి కొత్త ఇంట్లో పాలు పొంగించండి. చాలా ఇళ్లలో ఇలాగే చేసి, సామాను తర్వాత వీలునిబట్టి చేరుస్తారు. కాకపోతే కొత్త ఓనరుతో అద్దె ఏ తేదీ నుంచో ముందే మాట్లాడుకోండి. దగ్గరే కాబట్టి ట్రాలీ ఆటో చాలు. ఊళ్లోనే మారినా గ్యాస్ ఏజెన్సీలో అడ్రసు మార్పించడం మర్చిపోకండి.

ప్రశ్న: బెంగళూరు నుంచి విశాఖకి తిరిగొచ్చేస్తున్నాం. కర్ణాటక నంబరు బైకు కూడా లారీలోనే పంపిస్తున్నాం. జాగ్రత్తలు చెప్పండి.
– బెంగళూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: పెట్రోలు తీయించెయ్యండి, అద్దాలు విప్పి విడిగా చుట్టండి, గీతలూ మీటరు రీడింగూ ఫోటోలు తియ్యండి. అసలు ఆర్‌సీ బండితో పంపొద్దు, నకలు చాలు. విశాఖలో 12 నెలలకి మించి ఉంచేట్టయితే అక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి. దానికి మీ పాత ఆర్టీవో ఆఫీసు నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి, లోను ఉంటే బ్యాంకు అనుమతి పత్రం కూడా. బెంగళూరు వదలకముందే ఆ పని మొదలుపెట్టండి.